కుక్కల దాడి తర్వాత గొర్రెలు బెదురుతున్నాయి, మందు ఉందా?

ప్రశ్న: మాకు 60 నెల్లూరు జాతి గొర్రెలున్నాయి. పది రోజుల కిందట రాత్రిపూట ఊరకుక్కలు దొడ్డిలో పడి నాలుగింటిని కరిచాయి, అవి కాక మరో మూడు చనిపోయాయి. చనిపోయిన వాటిలో రెండింటి ఒంటి మీద గాటు కూడా లేదు. అప్పటి నుంచి చిన్న చప్పుడైనా మందంతా ఒక మూలకు ఉరుకుతోంది. మేత తగ్గింది, సాయంత్రం దొడ్డిలోకి రావడానికి మొరాయిస్తున్నాయి. ఈ బెదురు పోవడానికి ఇంజక్షన్ ఏదైనా ఉందా?
– ఒక రైతు, నాగర్‌కర్నూల్ జిల్లా

జవాబు: మీరు బెదురు గురించి అడిగారు గానీ, ముందుగా చూడవలసింది కాటుపడిన నాలుగు గొర్రెల సంగతి. కుక్క కరిచిన వెంటనే గాయాన్ని సబ్బుతో, ధారగా పోసే నీటితో పావుగంట సేపు కడగాలి. అది చేసినా చేయకపోయినా, పది రోజులైపోయిందని వదిలేయకుండా ఈ రోజే పశువైద్యుని వద్ద రేబిస్ టీకా మొదలుపెట్టించి, ఈ రోజును సున్నాగా లెక్కించి 3, 7, 14, 28వ రోజుల్లో కొనసాగించండి. ఆ గాయాలను ఉత్త చేతులతో ముట్టుకున్నవారు తాము కూడా ఆసుపత్రిలో చూపించుకోవాలి.

ఇక బెదురు విషయం. నెల్లూరు ఆడ గొర్రెకు సాధారణంగా కొమ్ములుండవు, కరిచే కోరలూ లేవు. దానికున్న రక్షణ అంతా ముందుగా పసిగట్టి పారిపోవడంలోనే ఉంది. కళ్లు తలకు రెండు పక్కలా ఉండటం, కంటిపాప అడ్డగీతలా ఉండటం వల్ల సరిగ్గా వెనుక భాగం తప్ప చుట్టూ దాదాపు అంతా దానికి కనిపిస్తుంది. తల వంచి మేస్తున్నప్పుడు కూడా కనుగుడ్డు తిరిగి ఆ గీత నేలకు సమాంతరంగానే నిలుస్తుంది. భయం కలగగానే అడ్రినలిన్ విడుదలై, గుండె వేగం పెరిగి, రక్తం పొట్ట నుంచి కాళ్ల కండరాలకు మళ్లుతుంది, నెమరు ఆగిపోతుంది. మీరు మేత తగ్గిందంటున్నది అందుకే. ప్రతి రాత్రీ ఇదే జరిగితే బరువు తగ్గుతుంది, నెలలు నిండుతున్న చూడి గొర్రెలు ఈచుకుపోయే ప్రమాదమూ ఉంది.

గాటు లేకుండా చనిపోయిన రెండూ బహుశా ఊపిరాడక పోయి ఉంటాయి. బయలులో మంద ఒక్కచోట ముద్దగా చేరితే కుక్కకు ఏ ఒక్కదాన్నీ విడదీసి పట్టుకోవడం కష్టమవుతుంది, కానీ అదే పని నాలుగు గోడల దొడ్డిలో చేస్తే మూలన ఒకదానిపై ఒకటి పడి అడుగున ఉన్నవి నలిగిపోతాయి. కనుక దొడ్డి మూలలను వలతో గానీ తడికతో గానీ గుండ్రంగా మూసివేయండి. కుక్క దూకలేనంత ఎత్తున వల కట్టి, అది తవ్వి దూరకుండా వల అడుగును ఒక అడుగు లోతు నేలలో పాతండి.

మత్తు ఇంజక్షన్ మాత్రం అడగవద్దు. జైలాజిన్ వంటి మందు గొర్రెలలో ఊపిరితిత్తుల్లో నీరు చేరేలా చేయగలదు, చూడి గొర్రెలకు అసలే మంచిది కాదు. పైగా మత్తులో ఉన్న గొర్రె మళ్లీ కుక్క వస్తే లేచి పరుగెత్తలేదు.

రక్తం పడిన చోట పైమట్టి తీసి సున్నం చల్లండి. సాయంత్రం కర్రతో వెనుక నుంచి అదిలించకండి, కంటికి ఆనని వైపు నుంచి వచ్చే మనిషి కూడా వాటికి కుక్కతో సమానమే. రోజూ కాసే మనిషే ముందు నడిచి, ఒకటి రెండు మేకలను ముందుంచి, లోపల గుప్పెడు దాణా చల్లి రప్పించడం మేలు. మేకలకు ధైర్యం కాస్త ఎక్కువని కాపరులు ఎప్పటి నుంచో ఎరిగినదే. కాటుపడిన వాటిని మందకు దూరంగా ఉంచవలసిందే గానీ, నాలుగింటినీ ఒకదానికొకటి కనిపించేలా పక్కపక్క తడికల్లో కట్టండి. ఒంటరిగా ఉంచిన గొర్రెకు మరో గొర్రె ముఖం ఫొటో చూపించినా గుండె వేగం, అడ్రినలిన్ తగ్గాయని ఇంగ్లండులోని బాబ్రహామ్ సంస్థ పరిశోధకులు 2004లో ప్రచురించారు. ఫొటోకే అంత ఊరట ఉంటే, పక్కన నిజమైన తోడు సంగతి చెప్పనక్కరలేదు.

మంద అంతా కలిసి బెదురుతున్నంత కాలం నేను పెద్దగా కంగారుపడను. ఆ నాలుగింటిలో ఏదైనా బెదురు మానేసి మనుషుల మీదికీ కుక్కల మీదికీ తిరగబడినా, ఆగకుండా అరిచినా, చొంగ కార్చినా, వెనుక కాళ్లు ఈడ్చినా రేబిస్‌గా అనుమానించి, నోట్లో చేయి పెట్టకుండా విడిగా కట్టేసి, వెంటనే సంచార పశువైద్యశాల నంబరు 1962కు ఫోన్ చేయండి.