80 ఏళ్ల తాతగారికి పక్షవాతం వచ్చింది. బతుకుతారా? మళ్లీ మామూలు మనిషి అవుతారా?

మూడు రోజులైందని, కుడి చెయ్యీ కాలూ పడిపోయాయని, మాట లేదని రాశారు. బతికే అవకాశం నూటికి ఎంత అని అడిగారు. ఆ అంకె కోసం నేనూ డాక్టరు గది ముందు గంటలకొద్దీ నిలబడ్డాను. ఇప్పుడెవరైనా ఇలాంటి కబురు చెబితే నేను అడిగేది ఒక్కటే: గుటక పడుతోందా?

మా మామయ్యగారు ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యారు. 76వ ఏట ఒక తెల్లవారుజామున మంచం మీంచి లేవబోయి పక్కకు ఒరిగిపోయారు. గంటలో గుంటూరు చేర్చాం. రక్తనాళం చిట్లలేదు, గడ్డ అడ్డుపడిందని స్కానింగులో తేలింది. గడ్డను కరిగించే ఇంజెక్షను నాలుగున్నర గంటల్లోపు పడాలన్నారు. వెంటనే తెచ్చాం కదండీ అంటే, ‘నిద్రలో వస్తే లెక్క లేచినప్పటి నుంచి కాదమ్మా, చివరిసారి బాగా ఉండగా చూసినప్పటి నుంచి’ అన్నారు. ఆయన పడుకున్నది రాత్రి పదింటికి. అలా ఆ అవకాశం పోయింది.

అయినా మా ప్రాణాల మీదికి తెచ్చింది ఆ గడ్డ కాదు, కొబ్బరిబొండం. నాలుగో రోజు వార్డుకు మార్చారు. ముక్కులో గొట్టం ఉంది, నోటితో ఏమీ పట్టవద్దన్నారు. నేను మందుల చీటీ పట్టుకుని కిందికి వెళ్లి వచ్చేసరికి ఆయన అక్కగారు మంచం పక్కన కూర్చుని, ‘నోరెండిపోతోంది పాపం, ఈ కాలం పిల్లలకు కనికరమే లేదు’ అంటూ చెంచాతో పోస్తున్నారు. ఆయన దగ్గలేదు, పొలమారలేదు. సరిగానే దిగిందని నేనూ ఊరుకున్నాను. ఆ రాత్రికి ఒళ్లు కాలిపోయింది, గొంతులో గురగుర మొదలైంది. ఆ నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోయాయట. పక్షవాతంలో దగ్గు కూడా మొద్దుబారుతుందని, దగ్గు రాకపోవడం మంచి గుర్తేమీ కాదని అప్పుడు తెలిసింది. తొమ్మిది రోజులు మళ్లీ ఐసీయూ.

అందుకే చెబుతున్నాను, మొదటి నెలలో పెద్దవాళ్ల ప్రాణాలు తీసే పెద్ద కారణాల్లో ఇలాంటి నిమ్ము (న్యుమోనియా) ఒకటి. ఆ నెల గడిస్తే బతుకుతారనే నా నమ్మకం. గుటక పరీక్ష చేశాకే నోటికి ఏదైనా ఇవ్వండి. చిక్కటి జావ కన్నా నీళ్లు, కాఫీ ప్రమాదం. నిటారుగా కూర్చోబెట్టి, గడ్డం కొంచెం కిందికి వంచి పెట్టాలి, తిన్నాక అరగంట పడుకోనివ్వకూడదు. రెండు గంటలకోసారి పక్క మార్చండి, లేకపోతే వీపున పుండ్లు పడతాయి. పడిపోయిన చేతిని పట్టుకుని మాత్రం ఎవరినీ లాగి లేపనివ్వకండి, భుజం జారుతుంది.

ఇక పరామర్శలు. పళ్లు తెచ్చి వాళ్లే తిని వెళ్లేవాళ్లతో నాకు పేచీ లేదు. పావురం రక్తం పూస్తే చెయ్యి లేస్తుందని ఒకాయన ఏకంగా పంజరంతో వచ్చాడు! ఇంట్లో మగవాళ్లు ఆలోచనలో పడ్డారు కూడా. అదే మగవాళ్లను రాత్రి రెండింటికి పక్క మార్చడానికి లేపితే ఒక్కరూ లేవరు. ఫిజియోథెరపీ అబ్బాయి ముప్పావు గంట చేసి వెళ్తాడు, మిగతా రోజంతా చేయించేది ఇంట్లోవాళ్లే. మొదటి మూడు నెలల్లో వచ్చినంత వేగంగా తర్వాత మార్పు రాదు, కాబట్టి ‘కాస్త బలం పుంజుకున్నాక చేయిద్దాం’ అనే మాట ఎవరన్నా వినకండి.

మాట సంగతి అడిగారు. మా మామయ్యగారికి నెల తర్వాత ఒకే మాట వచ్చింది: ‘రైట్’. ఆకలిగా ఉందా? రైట్. నొప్పిగా ఉందా? రైట్. ఈమె ఎవరు? రైట్. ముప్పై ఏళ్లు అరిచిన మాట కదా, అన్నీ పోయినా అది మిగిలింది. మతి పోయిందని చుట్టాలు అనేశారు. మతి పోలేదు. తప్పు మాట వస్తోందని ఆయనకు తెలుసు, అందుకే అన్న ప్రతిసారీ కళ్లనిండా నీళ్లు. స్పీచ్ థెరపీ అమ్మాయి ఒకట్లు లెక్కపెట్టించింది, వారాల పేర్లు పాడించింది. అలవాటుపడిన మాటలు ముందు వస్తాయంది.

ఇప్పటికి నాలుగేళ్లు. కుడి చెయ్యి రాలేదు. కర్ర పట్టుకుని అరుగు దాకా నడుస్తారు, ఎడం చేత్తో తింటారు. రెండో మాట మూడో నెలలో వచ్చింది. నేను జావ పెడుతూ ఇంకో చెంచా ఎత్తాను. ఆయన నా మణికట్టు పట్టుకుని, బస్సంతా వినపడేలా ‘హోల్డాన్’ అన్నారు.