అమెరికా కన్జర్వేటివ్‌లు (సంప్రదాయవాదులు) సుప్రీంకోర్టును అంతగా ఎందుకు పట్టించుకుంటారు?

వాళ్ల ప్రధాన ఫిర్యాదు ఒక్కటే: చట్టసభలు తేల్చాల్సిన విషయాలను జడ్జీలు తేల్చేస్తున్నారని. రాజ్యాంగాన్ని రాసిన నాటి అర్థంలోనే చదవాలని, కాలాన్ని బట్టి కొత్త అర్థాలు తీయకూడదని వాళ్లంటారు. 2016లో చనిపోయేదాకా సుప్రీంకోర్టు జడ్జిగా ఉన్న స్కాలియా ఈ వాదనకు పెద్ద దిక్కుగా ఉండేవాడు.

మతం దగ్గరికొస్తే గొడవ 1962లో ముదిరింది. న్యూయార్క్ బడుల్లో పొద్దున్నే చదివించే ప్రార్థన ఒకటుండేది, ఇంగ్లీషులో మొత్తం 22 పదాలు. ఇష్టం లేని పిల్లలు ఊరుకోవచ్చు. అయినా ప్రభుత్వం ప్రార్థన రాసివ్వడమే తప్పని కోర్టు కొట్టేసింది. దేవుణ్ణి బడి నుంచి గెంటేశారని సంప్రదాయవాదులు ఇప్పటికీ బాధపడతారు. నిజానికి పిల్లలు తమంతట తాము ప్రార్థించుకోవడాన్ని ఆ తీర్పు ఆపలేదు. ఈ సంగతి చాలామంది మర్చిపోతారు. 2022లో గాలి మారింది. ఆట అయ్యాక మైదానం మధ్యలో మోకాళ్లమీద కూర్చుని ప్రార్థించిన బ్రెమర్టన్ అనే ఊళ్లోని ప్రభుత్వ బడి ఫుట్‌బాల్ కోచ్ పక్షాన 6-3తో తీర్పొచ్చింది. అబార్షన్ హక్కునిచ్చిన 1973 నాటి తీర్పును కోర్టు రద్దు చేసిందీ ఆ ఏడే.

ఇక నాయకత్వం. జడ్జీలను అధ్యక్షుడు ప్రతిపాదిస్తాడు, సెనేట్ ఆమోదిస్తుంది, పదవి జీవితాంతం. ట్రంప్ తీరు నచ్చకపోయినా జడ్జీల కోసమే ఓటేశామన్నవాళ్లు అందుకే కనిపిస్తారు. మొదటి విడతలోనే ఆయన ముగ్గుర్ని నియమించాడు. అయితే కన్జర్వేటివ్‌లంతా ఒక్క మాట మీద ఉండరు: అధ్యక్షుడికి ఎంత అధికారం ఉండాలనే దగ్గర వాళ్లలో వాళ్లకే పడదు.