పెట్టె మొత్తం వద్దు, ముందు డయల్ గేజ్ కొనండి

ప్రశ్న: పదేళ్లు వేరేవాళ్ల షెడ్డులో పనిచేసి ఈమధ్యే సొంతంగా పెట్టుకున్నాను. పాత డీజిల్ ఇండికాలు, స్విఫ్ట్ డీజిల్ బళ్లు, పొలం పంపుసెట్లు ఎక్కువగా వస్తాయి. డీజిల్ టైమింగ్ (ఇంజన్‌లో డీజిల్ పడే సమయం) సరిచూసే టూల్స్ పెద్ద పెట్టె ఒకటి ఆన్‌లైన్‌లో చూశాను, అన్ని బళ్లకీ పనికొస్తుందని రాశారు. తీసుకోమంటారా? నా దగ్గరున్న పెట్రోల్ టైమింగ్ లైట్ డీజిల్‌కి పనిచేస్తుందా?
– ఒక పాఠకుడు, సూర్యాపేట

జవాబు: ఆ పెట్టె జోలికి పోకండి. మీకు పనికొచ్చేవి అందులో నాలుగో ఐదో ఉంటాయి, మిగతావి తుప్పు పట్టిపోతాయి. లైట్ కూడా పనిచేయదు, అది ప్లగ్ వైరు చూసి వెలుగుతుంది, డీజిల్‌కి ప్లగ్గు కరెంటు ఎక్కడిది? నాజిల్ పైపుకి క్లిప్పు పెట్టే డీజిల్ లైట్లు వేరే ఉన్నాయి, వాటికి ఇప్పుడే తొందర లేదు.

పాత ఇండికాది రోటరీ పంపు. దానికి 0.01 మి.మీ. చూపించే డయల్ గేజ్, పంపు మరకి సరిపోయే అడాప్టర్ కావాలి. పంపు వెనక నాజిల్ పైపుల నడుమ ఉన్న బోల్టు తీసి అడాప్టర్ ఎక్కించి, గేజ్‌ని కాస్త నొక్కుడు మీద బిగించి, ఇంజన్ని వెనక్కి తిప్పుతూ ముల్లు కదలడం ఆగినచోట సున్నా పెట్టుకుని, అక్కణ్ణుంచి ముందుకు తిప్పి ఒకటో సిలిండర్‌ని టీడీసీకి (పిస్టన్ పూర్తిగా పైకొచ్చే చోటికి) తెస్తే ముల్లు చూపించేదే ప్లంజర్ లిఫ్ట్, అంటే పంపు లోపలి ప్లంజర్ కదిలిన దూరం. మాన్యువల్లో ఉన్న కొలతకి తేడా ఉంటే పంపు బోల్టులు వదులుచేసి బాడీని తిప్పాలి. వెంట్రుకవాసి తిప్పినా ముల్లు గెంతుతుంది, అందుకే చెవితో విని "నాకింగ్ తగ్గింది, చాల్లే" అనే పని నాకు నచ్చదు. పంపు పక్కన చోటు తక్కువ కాబట్టి పొడుగు అడాప్టర్ తెచ్చుకుంటే పట్టదు, ముందే కొలుచుకోండి.

స్విఫ్ట్‌ది కామన్ రైల్, అంటే అన్ని నాజిళ్లకీ ఒకే పైపు నుంచి డీజిల్ వెళ్తుంది. ఇంజెక్షన్ ఎప్పుడన్నది ఈసీయూ అనే బండి కంప్యూటర్ చూసుకుంటుంది, మీరు తిప్పడానికేం లేదు. చైన్ మార్చేటప్పుడు మాత్రం క్రాంక్‌కీ క్యామ్‌లకీ ఆ ఇంజన్ కోసం చేసిన లాకింగ్ పిన్నులే వాడాలి. అదే 1.3 లీటర్ల ఇంజన్ ఇండికా విస్టాలో, ఫియట్ పుంటోలో కూడా ఉంది, డబ్బు వృథా కాదు. పిన్ను బదులు డ్రిల్ బిట్ దూర్చి నేనొకసారి తల పట్టుకున్నాను, అది పటుక్కున విరిగి లోపలుండిపోయింది, తీయడానికి ఒక పూట పట్టింది. పిన్ను బలం మీద క్రాంక్ బోల్టు విప్పడం కూడా అంతే తప్పు, దానికి వేరే హోల్డర్ ఉంటుంది.

పంపుసెట్టుకి ఖర్చే లేదు. డెలివరీ వాల్వు తీసి, కొంకిలా వంచిన సన్న పైపు బిగించి, ఫ్లైవీల్ మెల్లగా తిప్పితే డీజిల్ చుక్క ఆగినచోట ఇంజెక్షన్ మొదలు. కిర్లోస్కర్ టీవీ1 రకానికైతే అది టీడీసీకి 23 డిగ్రీల ముందు. ఫ్లైవీల్ చుట్టుకొలతని దర్జీ టేపుతో కొలిచి, 360తో భాగించి, 23తో హెచ్చవేసి, టీడీసీ గుర్తు నుంచి అంత దూరంలో, దానికన్నా ముందు వచ్చే వైపు, సుద్దగీత పెట్టండి. చుక్క గీత దాటాక ఆగుతుంటే పంపు కింద ఒక షిమ్ (పల్చటి రేకు) తీయండి, ముందే ఆగుతుంటే ఒకటి వేయండి.