పాత పోలో జీటీ టీఎస్ఐ: 1.2 మంచిదా, 1.0 మంచిదా?

హనుమకొండలో ఉంటూ రోజూ కాజీపేటకు ఆఫీసుకు వెళ్లే మీరు, 2016 నాటి 1.2 లీటర్ల ఫోక్స్‌వ్యాగన్ పోలో జీటీ టీఎస్ఐ తీసుకోవాలా, ఇంకొంత డబ్బు కలిపి 2021 నాటి 1.0 లీటర్ ఆటోమేటిక్ తీసుకోవాలా అని అడిగారు. నేను మొదటిదాన్ని కొన్నేళ్లు నడిపాను, ఇప్పుడు మా ఇంట్లో ఉన్నది రెండోది. మీకు 1.0 తీసుకోమనే చెబుతాను, కానీ నడపడంలో 1.2 ఇచ్చే ఆనందాన్ని తక్కువ చేసి కాదు.

2013లో మన దేశంలో విడుదలైన 1.2లో నాలుగు సిలిండర్లు, 105 పీఎస్ శక్తి, ఏడు గేర్ల డీఎస్‌జీ (రెండు క్లచ్‌ల ఆటోమేటిక్ గేర్‌బాక్సు) ఉన్నాయి. బీఎస్6 కాలుష్య నిబంధనలతో 2020లో వచ్చిన 1.0లో మూడు సిలిండర్లు, 110 పీఎస్, ఆరు గేర్ల టార్క్ కన్వర్టర్ (ఇంజిన్ శక్తిని ద్రవం ద్వారా అందించే ఆటోమేటిక్) ఉన్నాయి. రెండింటి టార్క్ 175 ఎన్ఎం. కాగితం మీద కొత్తదే కొంచెం ముందున్నా, జనగామ దాటాక నాలుగు వరుసల రోడ్డు మీద లారీని దాటడానికి యాక్సిలరేటర్ నొక్కితే, 1.2లో గేరు ఎప్పుడు మారిందో తెలియనంత నునుపుగా వేగం అందుకుంటుంది. ఆ హాయి నాకు 1.0లో దొరకలేదు.

అసలు చిక్కు 1.2లోని ఆ డీఎస్‌జీ గేర్‌బాక్సుతోనే ఉంది. అందులోని రెండు క్లచ్‌లు ఆయిల్‌లో మునిగి ఉండవు కాబట్టి, బండి అంగుళం అంగుళం కదిలే ట్రాఫిక్‌లో అవి సగం పట్టి సగం జారుతూ వేడెక్కుతాయి, ఆ వేడి త్వరగా దిగదు. మే నెలలో మన ఓరుగల్లు ఎండల్లో, సాయంత్రం హనుమకొండ చౌరస్తా రద్దీలో రోజూ నడిచే బండికి ఇది చిన్న విషయం కాదు. గేర్లు మార్చే మెకట్రానిక్స్ యూనిట్ మార్చవలసి వస్తే ఖర్చు లక్ష రూపాయలు దాటుతుంది. టార్క్ కన్వర్టర్‌లో ఇలా అరిగే పొడి క్లచ్‌లు లేవు.

అయినా మీ మనసు 1.2 మీదే ఉంటే, ఇంజిన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడే వెళ్లి చూడండి, అమ్మేవారిని ముందుగా స్టార్ట్ చేసి ఉంచవద్దని చెప్పండి. కొంత దూరం ట్రాఫిక్‌లో నడిపి వేడెక్కాక, బ్రేకు మీది కాలు మెల్లగా తీస్తూ ఒకటో గేరు నుంచి రెండుకు వెళ్లనివ్వండి. అక్కడ బండి వణికినా, ఆగబోతూ రెండు నుంచి ఒకటికి దిగేటప్పుడు టక్కుమని తన్నినా, క్లచ్ ప్యాక్ అరిగిందని అనుమానించాలి. ర్యాంపు మీద రివర్సులో ఎక్కించి చూడండి, అప్పుడూ వణకకూడదు. మీటరు మీద గేరు అక్షరాలు (పీ, ఆర్, ఎన్, డీ) మిణుకుమిణుకుమంటే బేరం అక్కడే ఆపేయండి. ఏదీ కనిపించకపోయినా స్కానర్ పెట్టించి, గేర్‌బాక్సులో నమోదైన లోపాలు చదివించనిదే అడ్వాన్స్ ఇవ్వకండి.

భద్రత విషయంలో ఈ రెండింటి మధ్య ఎంచుకోవడానికి పెద్దగా ఏమీ లేదు, బాడీ ఒకటే. 2014లో, కార్లను ఢీకొట్టించి భద్రత చూసే గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ పరీక్షలో రెండు ఎయిర్‌బ్యాగుల పోలోకు పెద్దల రక్షణలో ఐదింటికి నాలుగు నక్షత్రాలు వచ్చాయి.

బెంగళూరు బండి చవకగా కనిపిస్తే, అక్కడి ఆర్టీఓ ఇచ్చే ఎన్ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం)తో పాటు ఇక్కడ మళ్లీ కట్టవలసిన జీవితకాల పన్నును కూడా ధరలో కలిపి లెక్కవేయండి. ఆర్సీలో ఫైనాన్స్ పేరు ఇంకా ఉంటే, అది తీయించి తెచ్చిన తరువాతే మిగతా డబ్బు ఇవ్వండి.