పాత అంబాసిడర్: బ్రేకులు, వెనక ఇరుసు హౌసింగు (పాఠకుల ప్రశ్నలు, జవాబులు)

ప్రశ్న: మాది 1978 పెట్రోల్ అంబాసిడర్. నాలుగు చక్రాలకీ డ్రమ్ము బ్రేకులే. కోరాపుట్ నుంచి సుంకి ఘాట్ దిగి సాలూరు వచ్చేసరికి ఎంత తొక్కినా బండి ఆగదు, కాలిన వాసన వస్తుంది. గంట ఆగితే మామూలైపోతుంది. ముందు చక్రాలకి డిస్కు బ్రేకులు వేయించమంటున్నారు. వేయించమంటారా? (బొబ్బిలి)

జవాబు: వేయించుకోవచ్చు గానీ ఇప్పుడే కాదు. ముందు ఆ ఘాట్‌లో పెడల్ ఎలా ఉంటోందో చూడండి. పెడల్ రాయిలా గట్టిగా ఉండి బండి ఆగకపోతే లైనర్లు (డ్రమ్ముకి ఒరుసుకుని బండిని ఆపే పట్టీలు) వేడెక్కి పట్టు వదిలేశాయి. పెడల్ మెత్తబడి నేల దాకా దిగిపోతే బ్రేక్ ఆయిల్ మరిగి పైపుల్లో ఆవిరి చేరింది. రెండూ చల్లారితే సర్దుకుంటాయి, కానీ మందులు వేరు.

బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. కొత్త డాట్ 3 ఆయిల్ కనీసం 205 డిగ్రీల దాకా మరగదు. నీరు చేరాక ఆ హద్దు 140కి పడిపోతుంది. డాట్ 4కి ఇవే అంకెలు 230, 155. మన తీరం గాలికి రెండేళ్లు ఆగకుండా ఏటా మార్చడం మంచిది. లీటరు డబ్బా కొంటే పాతదంతా బయటికి తోసి కొత్తది నింపడానికి సరిపోతుంది. డాట్ 5 అని రాసి ఉన్న సిలికాన్ ఆయిల్ మాత్రం ఇందులో కలపొద్దు.

తర్వాత డ్రమ్ములు. లోపలి వ్యాసం కొలిపించండి. మొదటి కొలత కంటే 1.5 మిల్లీమీటర్లు దాటి అరిగితే మళ్లీ లేత్ ఎక్కించకుండా మార్చేయండి. పల్చబడిన డ్రమ్ము వేడిని దాచుకోలేదు, త్వరగా వ్యాకోచించి, లైనరు అతికిన షూకి దూరమవుతుంది. లేత్ మీద టర్నింగ్ చేయించిన (లోపల చెక్కించిన) డ్రమ్ముకి మామూలు లైనరు వేస్తే మధ్యలోనే ఆనుతుంది, అంచులు పని చేయవు. లైనర్ని డ్రమ్ము వంపుకి గ్రైండింగ్ చేయించి తీరాలి. పాత లైనర్లలో ఆస్బెస్టాస్ ఉండొచ్చు. ఆ పొడిని గాలి కొట్టి ఊదకండి, తడిగుడ్డతో తుడవండి.

ఎడ్జస్ట్‌మెంట్‌కి చక్రం తిరగనంత బిగించి, స్వేచ్ఛగా తిరిగే దాకా ఒకటి రెండు నొక్కులు వెనక్కి వదలాలి. ముందు డ్రమ్ములో షూలని నొక్కే వీల్ సిలిండర్లు రెండుంటే ఎడ్జస్టర్లూ రెండు. ఒకటి మరిచిపోతే బండి పక్కకి లాగుతుంది. హ్యాండ్ బ్రేకు కేబుల్ అన్నిటికంటే చివర. పైపుల్లో గాలి తీసేది, పెడల్ తొక్కితే ఆయిల్ని తోసే మాస్టర్ సిలిండర్‌కి దూరంగా ఉన్న చక్రం నుంచి: వెనక ఎడమ, వెనక కుడి, ముందు ఎడమ, ముందు కుడి.

ఘాట్ ఏ గేర్లో ఎక్కుతారో ఆ గేర్లోనే దిగండి. పెడల్ మీద కాలు ఆనించి ఉంచకుండా గట్టిగా తొక్కి వదిలేయండి, మధ్యలో డ్రమ్ము చల్లారుతుంది. ఇవన్నీ చేశాక కూడా వాసన వస్తే అప్పుడు డిస్కుల మాట.

ఒక్క మార్పు మాత్రం వాయిదా వేయకండి. పాత బండ్లలో మాస్టర్ సిలిండర్ ఒకే గది. ఏ చక్రం దగ్గర హోస్ పగిలినా నాలుగు బ్రేకులూ పోతాయి. రెండు గదుల టాండెమ్ మాస్టర్ వేయించి ముందుకీ వెనక్కీ వేర్వేరు పైపులు లాగించండి. డిస్కుల కంటే ప్రాణానికి భరోసా ఇదే.

ప్రశ్న: తుక్కుకి వచ్చిన ఐసుజు ఇంజిను అంబాసిడర్ నుంచి ముందు డిస్కులు తెచ్చి మా పాత బండికి బిగించాం. పెడల్ బాగా లోతుకి పోతోంది, చాలా బలంగా తొక్కాల్సి వస్తోంది. పది కిలోమీటర్లు వెళ్తే ముందు చక్రాలు పట్టేసి వదలవు. (శ్రీకాకుళం)

జవాబు: మీరు మూడు బాధలు చెప్పారు, మూడింటికీ వేర్వేరు కారణాలున్నాయి.

పెడల్ లోతు: డిస్కు మీద ప్యాడ్లని నొక్కే కాలిపర్‌లోని పిస్టన్ వీల్ సిలిండర్ కంటే చాలా పెద్దది, దానికి ఆయిల్ ఎక్కువ కావాలి. పాత మాస్టర్ అంత ఆయిల్ తోయలేదు. అదే బండి నుంచి మాస్టర్, బూస్టర్ (తొక్కే బలానికి సాయం చేసేది) కూడా తేవలసింది. ఇప్పుడైనా జత కోసం వెతకండి.

బలం: డ్రమ్ములో తిరిగే డ్రమ్మే షూని తనలోకి లాక్కుంటుంది, సగం పని అదే చేస్తుంది. డిస్కుకి ఆ గుణం లేదు. అందుకే బూస్టర్. పెట్రోల్ ఇంజినులో బూస్టర్‌కి కావలసిన వ్యాక్యూమ్, ఇంజినులోకి గాలి వెళ్లే మానిఫోల్డ్ నుంచి వస్తుంది. డీజిల్‌కి అలా రాదు, విడిగా పంపు ఉండాలి. చాలా బండ్లలో అది ఆల్టర్నేటర్ వెనకే ఉంటుంది. బూస్టర్ పరీక్ష తేలిక: ఇంజిను ఆపి నాలుగైదు సార్లు తొక్కి, కాలు అలాగే ఉంచి స్టార్ట్ చేయండి. పెడల్ కొంచెం కిందికి దిగాలి. దిగకపోతే హోస్, అందులోని వాల్వు, బూస్టర్ డయాఫ్రమ్ వరసగా చూడండి.

పట్టేయడం: డ్రమ్ముల మాస్టర్లో పైపులో కొంచెం ఒత్తిడి నిలిపి ఉంచే వాల్వు ఉంటుంది, సుమారు 10 పీఎస్ఐ. డ్రమ్ముకి అది మంచిదే. డిస్కుకైతే ప్యాడ్ ఎప్పుడూ రాసుకుంటూనే ఉంటుంది. ముందు లైనులో అది ఉండకూడదు. మాస్టర్ సిలిండర్ కాలిపర్ కంటే కింద, ఫ్లోరు కింద ఉన్న బండికి మాత్రం ఆయిల్ వెనక్కి జారకుండా 2 పీఎస్ఐ వాల్వు కావాలి. పట్టేయడానికి రెండో కారణం పుష్ రాడ్ (మాస్టర్ పిస్టన్ని తోసే కడ్డీ): దానికీ పిస్టన్‌కీ మధ్య ఒక మిల్లీమీటరు సందు ఉండాలి. లేకపోతే వేడికి పెరిగిన ఆయిల్ ట్యాంకులోకి తిరిగి వెళ్లే చిన్న రంధ్రం మూసుకునే ఉంటుంది.

తప్పు ఎక్కడో ఇలా తేల్చండి. చక్రం పట్టేసినప్పుడు జాకీ ఎత్తి కాలిపర్ మీద గాలి తీసే నిపుల్ విప్పండి. ఆయిల్ చిమ్మి చక్రం వదిలితే ఒత్తిడి లోపల చిక్కుకుంది. వదలకపోతే పిస్టన్ తుప్పుకి బిగిసింది. ఒత్తిడే అయితే, మళ్లీ పట్టేసినప్పుడు మాస్టర్ దగ్గర పైపు వదులు చేయండి. చక్రం వదిలితే తప్పు మాస్టర్, వాల్వు, పుష్ రాడ్‌లలో ఉంది. వదలకపోతే రబ్బరు హోస్ లోపల ఉబ్బి మూసుకుంది. పైకి కొత్తగా కనిపించే హోస్ కూడా ఇలా చేస్తుంది.

రబ్బర్లని డీజిల్‌తో, పెట్రోల్‌తో కడగకండి. ఒక్కసారి కడిగితే చాలు, ఉబ్బిపోతాయి. కడగడానికి స్పిరిటు గానీ కొత్త బ్రేక్ ఆయిల్ గానీ వాడాలి.

ప్రశ్న: హైవే మీద 80 దాటితే ఇంజిను అరుస్తుంది. హౌసింగులో క్రౌన్ పినియన్ గేర్లు మారిస్తే తగ్గుతుందా? ఇప్పుడున్న రేషియో ఎలా తెలుసుకోవాలి? (నరసన్నపేట)

జవాబు: ముందు చక్రాలకి అడ్డు పెట్టి, గేరు న్యూట్రల్‌లో ఉంచి, హ్యాండ్ బ్రేకు వదిలి, వెనక ఒక్క చక్రమే ఎత్తి స్టాండు పెట్టండి. గేర్ బాక్సు నుంచి వెనక్కి వచ్చే ప్రొపెల్లర్ షాఫ్ట్ మీద సుద్ద గీత పెట్టి, ఎత్తిన చక్రాన్ని 20 చుట్లు తిప్పండి. రెండో చక్రం నేల మీదే ఆగి ఉంది కాబట్టి ఈ 20 చుట్లు రెండు చక్రాలూ కలిసి తిరిగే 10 చుట్లకి సమానం. షాఫ్ట్ ఎన్ని చుట్లు తిరిగిందో దాన్ని 10తో భాగిస్తే అదే రేషియో. నలభై అయిదున్నర వస్తే 4.55.

టైరు ఒక్క చుట్టుకి నేల మీద 2.05 మీటర్లు నడుస్తుందనుకుంటే, 80 వేగానికి 4.55తో ఇంజిను సుమారు 2,960 చుట్లు తిరుగుతుంది. 4.11 వేస్తే 2,670. చెవికి తేడా తెలుస్తుంది. నష్టం కూడా తెలుసుకోండి: చక్రం దగ్గర లాగే బలం పదో వంతు తగ్గుతుంది, నలుగురితో ఘాట్ ఎక్కేటప్పుడు ఒక గేరు కిందికి వస్తారు. దిగేటప్పుడు ఇంజిను పట్టి ఆపే బలమూ అంతే తగ్గుతుంది, ఆ బరువు బ్రేకుల మీద పడుతుంది. కాబట్టి బ్రేకులు చక్కబడ్డాకే హౌసింగు విప్పించండి. స్పీడోమీటరు గేర్ బాక్సు నుంచి నడుస్తుంది కాబట్టి ఆ తర్వాత అసలు 80 ఉంటే 72 చూపిస్తుంది.

క్రౌను, పినియను ఎప్పుడూ జతగానే మార్చాలి. జత కలిపిన నంబర్లు రెండింటి మీదా చెక్కి ఉంటాయి. సాలూరులో లారీ హౌసింగులు కట్టిన చేతులున్నాయి, కానీ అంబాసిడర్ పని అంటే బ్లూ రంగు పూసి పళ్ల ఆనిక చూడగలరా, డయల్ గేజ్‌తో పళ్ల మధ్య సందు కొలవగలరా అని అడగండి. సందు సాధారణంగా 0.10 నుంచి 0.20 మిల్లీమీటర్లు. ఆనిక పంటి అంచుకి పోతే కూత మొదలవుతుంది. తేలిక దారి, మంచి బండి నుంచి క్రౌను, పినియను ఉన్న డిఫరెన్షియల్ మొత్తం విప్పకుండా తెచ్చుకోవడం. కొనే ముందు యాక్సిల్ షాఫ్ట్ స్ప్లైన్ పళ్లు లెక్కపెట్టి మీదానితో పోల్చండి.

ప్రశ్న: వెనక కుడి డ్రమ్ములో ఎప్పుడూ తడి. రెండుసార్లు ఆయిల్ సీలు మార్చారు. (విజయనగరం)

జవాబు: ఆ తడి ఏమిటో మొదట చూడండి. చిక్కగా గంధకం వాసనొస్తే హౌసింగు ఆయిల్. పల్చగా ఉండి నీళ్లకి కడుక్కుపోతే వీల్ సిలిండర్ కారుతోంది, అప్పుడు ఎన్ని సీళ్లు మార్చినా లాభం లేదు.

హౌసింగు ఆయిలైతే ఇరుసు గొట్టం పైన ఉన్న చిన్న బ్రీదర్ (గాలి రంధ్రం) చూడండి. మట్టితో మూసుకుపోతే వేడికి లోపల ఒత్తిడి పెరిగి కొత్త సీలుని కూడా దాటేస్తుంది. సన్నటి తీగతో శుభ్రం చేయండి. అదీ బాగుంటే డ్రమ్ము పట్టుకుని కిందికీ పైకీ ఊపండి, ఆట ఉంటే బేరింగు పోయింది. సీలు పెదవి రాసే చోట గాడి పడి ఉంటే సీలుని కొంచెం పక్కకి జరిపి కూర్చోబెట్టాలి లేదా స్లీవ్ వేయాలి. ఈపీ 90 హైపాయిడ్ ఆయిల్ పోసేటప్పుడు బండి సమంగా నిలబడాలి, లెవెల్ రంధ్రం నుంచి కారితే చాలు. తడిసిన లైనర్లని కాల్చి మళ్లీ వేస్తుంటారు, అది పనికిరాదు. రెండు పక్కలా కొత్తవి వేయించండి.

ప్రశ్న: మా 1970 బండికి వింటేజ్ రిజిస్ట్రేషన్ చేయించాలని ఉంది. బ్రేకులు మారిస్తే అడ్డమా? (ఆమదాలవలస)

జవాబు: 2021లో వచ్చిన నిబంధనల ప్రకారం యాభై ఏళ్లు దాటి, అసలు రూపంలో ఉన్న బండికి ఆ రిజిస్ట్రేషన్ ఇస్తారు. ఛాసిస్, బాడీ, ఇంజినులో పెద్ద మార్పు ఉండకూడదు. టాండెమ్ మాస్టర్, బూస్టర్ ఛాసిస్ కోయకుండా, వెల్డింగు లేకుండా బ్రాకెట్లతో బిగించండి. విప్పిన పాత డ్రమ్ములు, మాస్టర్ గ్రీజు రాసి దాచండి. పని మొదలుపెట్టక ముందే రవాణా కార్యాలయంలో అడిగి వెళ్లండి. ఆ రిజిస్ట్రేషన్ వచ్చాక బండిని రోజువారీ తిరుగుళ్లకి వాడకూడదు, అది కూడా ఆలోచించుకోండి.