పాత స్కేటింగ్ ఫొటోలు, స్కేట్లు, కబుర్లు దాచుకునేదెలా?

కాకినాడలో ఒకప్పుడు రోలర్ స్కేటింగ్ చేసినవాళ్ల జ్ఞాపకాలు ఎలా భద్రపరచాలని అడిగారు. ముందు ఫొటోల సంగతి చూడండి. మన ఉప్పుగాలికీ ఉక్కకీ మొదట పోయేవి అవే.

ఫ్రేము అద్దానికి అతుక్కున్న ఫొటోను పీకొద్దు. తేమకు ఫొటో మీదుండే జిలటిన్ పొర మెత్తబడి అద్దాన్ని పట్టేస్తుంది. లాగారా, మొహాలు అద్దానికే ఉండిపోతాయి. అద్దంతోనే స్కాన్ చేయించండి. ప్రింట్లకు 600 డీపీఐ (అంగుళానికి ఎన్ని చుక్కలన్న లెక్క), 35 ఎంఎం నెగెటివ్‌లకు కనీసం 2400, నాణ్యత తగ్గని టిఫ్ ఫైలుగా. వెనక వైపూ స్కాన్ చేయాలి, స్టూడియో ముద్రను బట్టి కాలం పోల్చుకోవచ్చు. వాట్సాప్‌లో పంపేవాళ్లను డాక్యుమెంటుగా పంపమనండి, లేకపోతే నాణ్యత పోతుంది.

స్కేట్లను నీళ్లతో కడిగితే బేరింగుల్లో తుప్పు పడుతుంది. పొడిగుడ్డతో తుడిచి, ఇనుప భాగాలకు మాత్రం పలచగా మిషన్ ఆయిల్ రాయండి. ఇరుసుల దగ్గరుండే రబ్బరు కుషన్లకు నూనె తగిలితే ఉబ్బుతాయి. ప్లాస్టిక్ సంచిలో మూటకడితే తేమ లోపలే నిలుస్తుంది. ఆ తేమకు పాలియురెథేన్ అనే ప్లాస్టిక్‌తో చేసిన చక్రాలు జిగటెక్కి పొడిపొడి అవుతాయి. నూలుగుడ్డే మేలు.

పెద్దవాళ్లను 'మీ అనుభవాలు చెప్పండి' అంటే రెండు ముక్కల్లో తేల్చేస్తారు. ఫొటో చేతికిచ్చి, నేల గచ్చా నాపరాయా, చక్రాలు ఇనుపవా, ఎటువైపు తిరిగేవారు అని అడగండి. రికార్డు చేసేటప్పుడు ఫ్యాను ఆపాలి, ఉక్కపోసినా సరే.

స్కాన్లకూ రికార్డింగులకూ మూడేసి కాపీలు చేసి, ఒకటి గోదావరి డెల్టా బయట ఉంచండి. 1986 గోదావరి వరద, 1996 నవంబరు తుపాను చూసిన ప్రాంతం ఇది.