మంచులో జింకను చూసి మక్కలు వేయకండి

సంక్రాంతికి హనుమకొండ వచ్చాను. మొన్న సాయంత్రం పక్కింటి అక్క ఫోన్ పట్టుకుని మా వాకిట్లోకి వచ్చింది. వాళ్ళబ్బాయి అమెరికాలోని మిషిగన్ వెళ్ళి ఐదు నెలలైంది. వాడు పంపిన వీడియోలో మోకాలి లోతు మంచు, ఇంటి వెనక కదలకుండా నిలబడ్డ నాలుగు జింకలు. "పాపం, చలికి చచ్చిపోతయేమో తమ్ముడూ. మక్కలు తెచ్చి వెయ్యమని చెప్పిన" అంది. వద్దక్కా అన్నాను. ఆమె ముఖం చిన్నబోయింది. కొత్తగా వెళ్ళిన ప్రతి ఇంట్లో వచ్చే సందేహమే కాబట్టి వివరంగా రాస్తున్నాను.

నేను కూడా వేశాను. అమెరికా వెళ్ళిన మొదటి చలికాలం, ఫిబ్రవరిలో, సంచెడు మక్కలు కంచె పక్కన కుప్ప పోశాను. జింకలు ఆబగా తిన్నాయి. మూడో రోజు పొద్దున కంచె దగ్గరే ఒక జింక పిల్ల చచ్చి పడి ఉంది. చూడటానికొచ్చిన వన్యప్రాణి శాఖ ఆయన దాని పొట్ట కోసి చూపించాడు. లోపలంతా మక్కలే. ఆకలితో కాదు, నిండు కడుపుతో చచ్చింది. ఇరవై ఏళ్ళు దాటినా ఆ కంచె మూల చూస్తే నాకు అదే గుర్తొస్తుంది.

ఎందుకలా అంటే, జింక నెమరువేసే జంతువు. దాని కడుపులోని సూక్ష్మజీవులు తినే మేతకు తగ్గట్టు నెమ్మదిగా మారతాయి. చలికాలంలో అది కొమ్మల చివర్లు, మొగ్గలు, చలిలోనూ పచ్చగా ఉండే సీడర్ చెట్ల ఆకులు తిని బతుకుతుంది. అలాంటి కడుపులో ఒక్కసారిగా గింజలు పడితే పులిసి ఆమ్లం పెరుగుతుంది. ఒకటి రెండు రోజుల్లో ప్రాణం పోవచ్చు. మనూరి గొల్లకురుమలను అడగండి, గొర్రె మక్కల కుప్ప మీద పడితే ఏమవుతుందో వాళ్ళకు బాగా తెలుసు.

ఇక చలి సంగతి. మీరు చూసే తెల్లతోక జింక ఎండాకాలంలో ఎర్రగా ఉంటుంది. చలికాలానికి ముందే ఆ బొచ్చు రాలి బూడిద రంగు దట్టపు బొచ్చు వస్తుంది. పైవెంట్రుకలు లోపల బోలుగా ఉండి గాలిని పట్టి ఉంచుతాయి, కింద మెత్తటి ఉన్ని ఉంటుంది. కిటికీలోంచి ఒకసారి దాని వీపును గమనించండి. పడ్డ మంచు కరగకుండా అలాగే ఉంటుంది. ఒంట్లో వేడి బయటికి పోవడం లేదన్నమాట. ఆకురాలే కాలంలో ఓక్ కాయలు మేసి కొవ్వు కూడబెట్టుకుంటుంది, చలిలో తక్కువ తిని ఆ కొవ్వును కరిగించుకుంటుంది. వసంతం వచ్చేసరికి బరువులో ఐదో వంతు తగ్గడం మామూలే. మంచు లోతుగా ఉన్న చోట్ల గుంపులుగా సీడర్, హెమ్‌లాక్ చెట్ల కింద చేరి, తొక్కి తొక్కి బాటలు చేసుకుంటాయి. అక్కడ చెట్లకు జింక మూతి అందేంత ఎత్తు వరకు ఒక్క ఆకు కనిపించదు, గీత గీసినట్టుంటుంది.

కాబట్టి అది కదలకుండా నిలబడితే నీరసపడిందని కాదు, బలం దాచుకుంటోందని అర్థం. ఫోటో కోసం దగ్గరికి పోకండి, కుక్కను వదలకండి. ఒక్కసారి బెదిరి పరుగెత్తితే మార్చి దాకా ఉండాల్సిన కొవ్వు ఖర్చవుతుంది. చలికాలం చివర్లోనే, అదీ జింక పిల్లలే ఎక్కువగా చస్తాయి.

మేత వేస్తే ఇంకో ప్రమాదం కూడా ఉంది. జింకలను చిక్కి చంపే, మందు లేని క్రానిక్ వేస్టింగ్ డిసీజ్ అనే జబ్బు 1967లో కొలరాడోలో మొదట కనబడింది. లాలాజలంతో కూడా అంటుకుంటుంది, ఒకే కుప్ప మీద పది మూతులు చేరితే ఇంకేముంది! చాలా రాష్ట్రాల్లో జింకలకు మేత వేయడం నేరం. మీ రాష్ట్రం వన్యప్రాణి శాఖ నియమాలు ముందే చదవండి.

మీరు చేయగలిగింది వేరే ఉంది. పెరట్లో బ్యాడ్మింటన్ నెట్, లైట్ల తీగలు ఉంటే తీసేయండి, మగజింకల కొమ్ములకు చుట్టుకుంటాయి. ఆ కొమ్ములు జనవరి నుంచి మార్చిలోగా రాలిపోతాయి. నవంబర్ జోడు కట్టే కాలం, తెల్లవారుజాము, సందెవేళ కారు నెమ్మదిగా నడపండి. ఒకటి దాటితే వెనక ఇంకోటి ఉంటుందనుకోండి. ఎదురైతే స్టీరింగ్ తిప్పకుండా బ్రేక్ వేయండి. ఇన్సూరెన్స్‌లో కాంప్రిహెన్సివ్ కవర్ ఉంటేనే జింక తగిలిన నష్టం వస్తుంది.

జింకకు సాయం చేయాలన్న అక్క ఆలోచన మన దగ్గర సరైనదే. ఏటూరునాగారం, కవ్వాల్ అడవుల్లో వాగులెండితే అటవీ శాఖ సాసర్ పిట్లలో, అంటే నేలలో కట్టిన పళ్ళెం లాంటి తొట్లలో, ట్యాంకర్లతో నీళ్ళు నింపుతుంది, దుప్పులు వచ్చి తాగుతాయి. మన దుప్పికి గండం ఎండకాలం. అక్కడి జింకకు గండం మంచే, కానీ దానికి కావాల్సిన సరంజామా అది ముందే కట్టుకుని ఉంటుంది.

ఇదంతా చెప్పాక అక్క అక్కడే నిలబడి కొడుక్కు ఫోన్ చేసింది. "మక్కలు వద్దట బిడ్డా, తెచ్చినవా? తెస్తే వాపస్ ఇచ్చెయ్. కిటికీల నుంచే చూడు."